పిలిస్తే వచ్చేంత దూరంలో కాలేజీ

చెన్నకేశవ మాట ఎత్తితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత ఏడుపు వస్తుంది. కోపం వాడి మీద కాదు. తన మీద కోపగించుకునే అవకాశం వాడు ఎవరికీ ఇవ్వడు. జవళగిరి దాటాక అడవి అంచున ఉన్న వాళ్ళ ఊరి మీద కోపం, ఆ ఊరి పెద్దల మీద కోపం, ఒక్కోసారి వాళ్ళు కొలిచే వెంకటరమణస్వామి మీద కూడా కోపం. నా పేరు మంజులమ్మ. ఆ పక్క హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నోరు పెద్దదని మా ప్రాంతంలో పేరుంది, అది అబద్ధమేమీ కాదు. ఆ నోటితో కూడా కేశవ విషయంలో ఏమీ సాధించలేకపోయాను.

వాళ్ళది దాసుల ఇల్లు. తమిళనాడులో మా హొసూరు, కృష్ణగిరి పక్క ఊళ్ళలో తిరుపతి స్వామిని ఇంటిదేవుడిగా కొలిచే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రతి కుటుంబానికీ తరతరాలుగా ఒక దాసుడు ఉంటాడు. స్వామి నెలగా భావించే పెరటాసి మాసం శనివారాల్లో నామం పెట్టుకొని, దీపపు సెమ్మె పట్టుకొని, గోవింద చెబుతూ ఇంటింటికీ వస్తాడు. పెళ్ళికి వస్తాడు, కొత్తింట్లో పాలు పొంగించే రోజు వస్తాడు. అక్కడికి రాకపోయినా సర్దుకుంటారు గానీ చావుకు మాత్రం రాకపోతే కుదరదు. పాడె ఎత్తే ముందు అతను తలవైపు నిలబడి, పోయిన మనిషి పేరు చెప్పి, గోవిందా అని శంఖం ఊదాలి, జేగంట కొట్టాలి. అలా ఊదుతూ కాటిదాకా ముందు నడవాలి. ఆ శబ్దం పట్టుకొని ప్రాణం స్వామి దగ్గరికి పోతుందని నమ్మకం. దాసుడు వచ్చి ఊదనిదే పాడె లేవదు.

కేశవ తాత దాసప్ప ఆ చుట్టుపక్కల ఊళ్ళకు దాసుడు. మనవణ్ణి చిన్నప్పటినుంచీ వెంట తిప్పుకున్నాడు. వాడు బడిలో సోమవారం పూట కునుకు తీస్తుంటే, "ఏమయ్యా దాసయ్యా, స్వామి కలలోకి వచ్చినాడా" అని నేను ఆటపట్టించేదాన్ని. వాడు లేచి నిలబడి సిగ్గుగా నవ్వేవాడు. ఆదివారం ఎవరో పోయి ఉంటారు, తాతతో నడిచి వెళ్ళి నడిచి వచ్చి ఉంటాడు. ఒకసారి అడిగాను, శవాల దగ్గరికి పోవడానికి భయం వేయదా అని.

"భయం యాల టీచరమ్మా" అన్నాడు. "ఆడ అందురూ వాళ్ళలో వాళ్ళు ఏడ్చుకుంటా ఉంటారు. ఆ పోయినోళ్ళతో మాట్లాడేది మేమొక్కరమే."

ఎనిమిదో తరగతి పిల్లవాడు అన్న మాట అది. నేను ఆ రోజు పాఠం సరిగా చెప్పలేకపోయాను.

భక్తి అంటే నాకు పెద్దగా గురి లేదు. గుళ్ళో కూడా మనుషులనే చూస్తుంటాను, దేవుణ్ణి చూడను. అయినా వాడిలో ఉన్నది నటన కాదని నాకు తెలుసు. పొద్దున లేచి నామం పెట్టుకోనిదే నీళ్ళు ముట్టేవాడు కాదు. మాంసం వాళ్ళ నాయన తింటాడు గానీ వాడు తినడు. అలా అని ముసలి మొహం పెట్టుకొని తిరిగేవాడూ కాదు. కబడ్డీ ఆడేవాడు, సినిమా పాటలు పాడేవాడు, లెక్కలంటే ప్రాణం పెట్టేవాడు. లెక్కల మాస్టారు బోర్డు మీద మొదలుపెట్టిన లెక్క వాడి నోట్లో ముందే పూర్తయ్యేది. ఒక పక్క స్వామి, ఒక పక్క లెక్కలు, రెండూ వాడిలో ఒక్క గొడవ కూడా పడకుండా కాపురం చేశాయి. గొడవ పెట్టింది ఊరే.

వాడు ప్లస్ టూ చదివే ఏడాది దాసప్ప కాలం చేశాడు. ఇంట్లో చావు జరిగితే ఆ మైలలో దాసుడి ఇంటివాళ్ళు శంఖం ముట్టకూడదు, వేరే ఇంటి దాసుడు రావాలి. డెంకణికోట పక్కనుంచి నంజప్ప అనే ముసలి దాసుడు వచ్చి ఊదాడు. కర్మాంతరం రోజు పెద్దలు కూర్చొని, ఇక శంఖం ఎవరు పట్టాలని అడిగారు. కేశవ నాయన సుబ్రమణి మూకండపల్లిలో కంపెనీ కార్మికుడు. షిఫ్టులు, కొంచెం తాగుడు. "నాకు ఆ యోగ్యత లేదప్పా" అని తల దించుకున్నాడు. అడగకముందే కేశవ లేచి నిలబడ్డాడు. గురువు దగ్గర భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకొని వచ్చాడు. ముద్ర వేసేటప్పుడు ఒక మాట ఇవ్వాలి. మన ఇళ్ళలో ఎవరు పోయారని పిలుపొచ్చినా రాను అనకూడదు, బీదా గొప్పా చూడకూడదు, బతికినంతకాలం. వాడు ఇచ్చాడు. ఆ వయసులో బతికినంతకాలం అంటే ఎంత పొడుగో ఎవరికి తెలుస్తుంది.

తర్వాత ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో వాడికి వచ్చినన్ని మార్కులు మా బడి చరిత్రలో ఎవరికీ రాలేదు. కోయంబత్తూరులో పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలో సీటు ఖాయమని లెక్కల మాస్టారు చెప్పారు. కాదంటే బర్గూరులోనైనా వస్తుందన్నారు. నేను మిఠాయి పొట్లం పట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. వాడి తల్లి పిల్లమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. గులాబీ తోటలో పువ్వులు కోసి కోసి ఆమె వేళ్ళు ముళ్ళ గీతలతో నిండిపోయి ఉండేవి. మిఠాయి చేతిలో పెడితే తినలేదు, కొంగుకు కట్టుకుంది.

"మీరే చెప్పండి టీచరమ్మా వాడికి" అంది. "పొమ్మని నేను చెప్తా ఉండాను, వింటా లేడు. సచ్చేవాళ్ళు సస్తానే ఉంటారు. వాళ్ళ కోసరం వీడు ఈడనే కూచోవాల్నా?"

దాసుడి ఇంటి కోడలు అనాల్సిన మాట కాదది. నాకు ఆమె మీద ఆ క్షణంలో పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

వాడు వినకపోవడం కాదు, వాడికీ వెళ్ళాలని ఉంది. కోయంబత్తూరు కాలేజీ ఫోటోలు ఫోన్లో చూపించి, "లైబ్రరీ చూడండి టీచరమ్మా, మన ఊరంత ఉండాది" అన్నాడు. కానీ పెద్దల మాట తీసుకోకుండా వెళ్ళనన్నాడు. అందుకని మారప్ప ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మారప్ప ఆ ఊళ్ళో పెద్ద రైతు, దాసప్పకు మిత్రుడు. నేనూ, కేశవా, సుబ్రమణీ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళూ ఉన్నాం.

మారప్ప అంతా విని ఒకటే అడిగాడు. "ఆ కాలేజీ నుంచి మా ఇంటికి వచ్చేదానికి ఎంతసేపు పడతాదప్పా?"

"బస్సులో అయితే పొద్దంతా పడతాది తాతా" అన్నాడు కేశవ.

"ఎండాకాలంలో పీనుగ పొద్దంతా ఉంటాదా?"

"పోనీ, ఆ బర్గూరు?" అన్నాడు మారప్ప.

"హొసూరుకు ఒక బస్సు, కృష్ణగిరికి ఇంకొకటి, ఆడ నుంచి మళ్ళా ఒకటి."

"అట్లయితే అదీ దూరమే."

మిగతా పిల్లలకు కాలేజీ చూసేటప్పుడు ఉద్యోగాలు వస్తాయా, హాస్టల్లో తిండి ఎలా ఉంటుంది, ర్యాగింగ్ ఉందా అని అడుగుతారు. మా కేశవకు మాత్రం శవం ఎంతసేపు నిలుస్తుందనే కొలతతో కాలేజీ చూశారు. నేను ఊరుకోలేదు. చదువు అయ్యేదాకా నంజప్ప వచ్చి ఊదుతాడు, నేను వెళ్ళి అడిగి వచ్చాను, ఆయన సరేనన్నాడు అని చెప్పాను. నిజంగానే ఆయన ఒప్పుకున్నాడు, పిల్లవాడు చదువుకుంటే స్వామికి సంతోషమే అన్నాడు కూడా. మారప్ప తల అడ్డంగా ఊపాడు. ఒక ఇంటికి ఒక దాసుడే, ఇంకొక ఇంటి శంఖానికి మన వాళ్ళ ప్రాణం అలవాటు పడదు అన్నాడు. దాసుల ఇంట్లో చావయితే దారి లేక ఒప్పుకుంటారు గానీ రైతుల ఇళ్ళకు అలా కుదరదట.

ఆయన చెడ్డవాడని నేను చెప్పను. ఆయన తల్లి పోయినప్పుడు వాగు పొంగి దాసప్ప రాలేకపోయాడు. వాన ఆగలేదు, శవం ఆగలేదు, శంఖం లేకుండానే మట్టి చేశారు. ఆ తల్లి దారి తెలియక ఇంకా ఇంటి చుట్టూ తిరుగుతోందని ఆయన నమ్మేవాడు. ఆ రోజు అరుగు మీద ఆ సంగతి చెప్పేటప్పుడు అంత పెద్దమనిషి మాటిమాటికీ పెరటివైపు చూశాడు. దాని మీద నేను ఏం వాదించగలను. వాదించాననుకోండి, గట్టిగానే వాదించాను, కానీ నా మాటలు నాకే పలచగా వినిపించాయి.

"నిర్ణయం నీదేనప్పా" అన్నాడు చివరికి మారప్ప. "మేము కట్టేసేది లేదు. నువ్వు ఇచ్చిన మాట నీకు గుర్తుంటే చాలు."

కట్టేయడానికి అంతకంటే గట్టి తాడు ఏముంటుంది.

అయినా వాడిని నేను ఒప్పించాను. మాట ఇచ్చింది స్వామికి, చదువుకుంటానంటే స్వామి అడ్డుపడడు, సెలవుల్లో వచ్చి నీ పని నువ్వు చేసుకుందువులే అని రోజూ చెవిలో పోరాను. చివరికి తల ఊపాడు. ఆన్‌లైన్లో కాలేజీల వరస పెట్టడానికి ఇద్దరం హొసూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళాం. మొదట కోయంబత్తూరు, తర్వాత బర్గూరు అని పెట్టాడు. ఆఖరి బటన్ ఒకటి నొక్కాలి. అప్పుడే ఫోన్ మోగింది. కాళమ్మ పోయిందట.

కాళమ్మ ఊరి చివర గుడిసెలో ఉండే కూలి మనిషి. ఆమెకు ముత్తు అని ఒక్కడే కొడుకు, బర్గూరు పక్క గ్రానైటు క్వారీలో రాళ్ళు కొట్టేవాడు, తల్లికి బాగాలేదని వచ్చి ఉన్నాడు. "రేపు వచ్చి నొక్కుదాం టీచరమ్మా" అని కేశవ లేచాడు. నొక్కేసి పోరా, అర నిమిషం పని అన్నాను. ఆ మాట వాడి చెవికి ఎక్కలేదు, అప్పటికే బస్సు వైపు నడుస్తున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

ఎండ మండిపోతోంది. గుడిసె ముందు శవం మీద తడి గోనెసంచులు కప్పి, వేపకొమ్మలు పరిచారు. నలుగురైదుగురు మించి మనుషులు లేరు. ముత్తు తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని దారివైపు చూస్తున్నాడు. కేశవను చూడగానే లేచి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. తండ్రి వయసు మనిషి.

"నువ్వొచ్చినావు, చాలప్పా" అన్నాడు. "మాకు యాడ వస్తావులే అనుకొన్నాను. పెద్ద కాలేజీకి పోతా ఉండావని చెప్పినారు."

కేశవ ఆ చేతుల్ని వదిలించుకోలేదు. స్నానం చేసి నామం పెట్టుకొని, కాళమ్మ తలవైపు నిలబడి, "కాళమ్మా, గోవిందా" అన్నాడు. శంఖం ఊదాడు. ఆ వయసు పిల్లవాడికి ఊపిరి అంత పొడుగ్గా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. బతికినన్నాళ్ళూ ఆ కాళమ్మను పేరు పెట్టి మర్యాదగా పిలిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో. నాకు దేవుడు కనబడలేదు గానీ చేతులు జోడించాను.

మర్నాడు నాకు చెప్పకుండా ఒక్కడే హొసూరు వెళ్ళాడు. ఇంజనీరింగ్ వరసే వదిలేసి హొసూరులోనే ఒక కాలేజీలో బీఎస్సీ లెక్కలకు అప్లికేషన్ పెట్టి వచ్చాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, "తిట్టండి టీచరమ్మా" అన్నాడు. నేను తిట్టాను. నోటికి వచ్చినదల్లా తిట్టాను. వాడు నవ్వుతూ విన్నాడు గానీ కళ్ళు మాత్రం నవ్వలేదు. పిల్లమ్మ తిట్టలేదట. హాస్టల్‌కని కొనిపెట్టిన దుప్పటి తీసి ఇంట్లో మంచం మీద పరిచిందట, అంతే.

హొసూరు కాలేజీలో పాపం ఎవరూ వాడికి అన్యాయం చేయలేదు. పిలుపొచ్చినప్పుడల్లా వాడే వెళ్ళిపోయేవాడు. క్లాసు మధ్యలో వెళ్ళాడు, టెస్టు మధ్యలో వెళ్ళాడు. ఒకసారి సెమిస్టర్ పరీక్ష రాయడానికి హాలు బయట నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. హాల్లోకి పోకుండా తిరిగి బస్సెక్కాడు. అటెండెన్సు చాలక ఏడాది వెనకబడ్డాడు. వాడి కంటే తక్కువ మార్కులు వచ్చిన మురళి కోయంబత్తూరులో చదువు ముగించి బెంగుళూరులో ఉద్యోగం సంపాదించాడు. పండుగకు వచ్చి కేశవ భుజం మీద చేయి వేసి, "నువ్వు ఆడ ఉండాల్సిందిరా, సార్లు చెప్పే లెక్కలు నువ్వయితే నిద్రలో చేస్తావు" అన్నాడు. మంచి మాటే అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు. కేశవ ఆ పూట అన్నం తినలేదని పిల్లమ్మ నాతో చెప్పింది.

డిగ్రీ ఎలాగో పూర్తయింది. మూకండపల్లి కంపెనీల్లో ఉద్యోగం దొరికేదే, కానీ షిఫ్టు మధ్యలో చావు పిలుపుకు ఎవరు పంపిస్తారు. అందుకని తల్లితో పాటు గులాబీ తోటలో చేరాడు. తెల్లవారకముందే పువ్వులు కోసి పెట్టెల్లో సర్దితే పగలంతా చేయి ఖాళీ. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. బాధ లేదా అని అడిగితే ఒక్కసారి మాత్రం నిజం చెప్పాడు.

"ఊదేటప్పుడు ఉండదు టీచరమ్మా. అప్పుడు నేనే ఉండను. ఇంటికొచ్చి శంఖం కడిగి పెట్టినాక, అప్పుడు ఉంటాది."

ఆ మధ్యలోనే మా ఊళ్ళకు ఐస్ పెట్టెలు వచ్చాయి. మాదేశ్ అనే కుర్రాడు లోను మీద ఒక వ్యాను కొని, అందులో అద్దాల పెట్టె, కరెంటు జనరేటరు, టెంటు, కుర్చీలు పెట్టుకొని చావు ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టాడు. పనిమంతుడు, మర్యాద తెలిసినవాడు. ఆ పెట్టెలో పెడితే శవం రెండు రోజులైనా చెక్కుచెదరదు. మొదట్లో డబ్బున్న వాళ్ళు పెట్టించారు, తర్వాత అందరూ పెట్టించారు.

మారప్ప పోయింది చిత్తిరి నెల ఎండల్లో. చిన్న కూతురు మంజుశ్రీ పూనాలో ఉంటుంది, ఆమె వచ్చేదాకా ఎత్తకూడదన్నారు. పెద్దకొడుకు వేరే పని మీద దూరం వెళ్ళి ఉన్నాడు, అతనూ రావాలి. మారప్ప ఆ పెట్టెలో పడుకొని ఒక పగలూ ఒక రాత్రీ దాటి మర్నాడు మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. అరుగు మీద అదే చోట కూర్చొని నేను ఆ అద్దం వైపు చూస్తూ ఉన్నాను. ఎండాకాలంలో పీనుగ పొద్దంతా ఉంటాదా అని అడిగిన మనిషి. కోయంబత్తూరు నుంచి కేశవ వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేంత సమయం అది. లేచి నిలబడి ఆ మాట అందరి ముందూ అనేద్దామనిపించింది. చచ్చినవాణ్ణి ఏమని నిలదీస్తాను. పళ్ళు బిగబట్టుకొని కూర్చున్నాను. కేశవ మాత్రం ఎప్పటిలాగే తలవైపు నిలబడి, "మారప్పా, గోవిందా" అని, ఆయన ఎంత కోరుకున్నాడో అంత నిండుగా ఊదాడు. మాదేశ్ పక్కన నిలబడి అదంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఎందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత కేశవకు పిలుపులు తగ్గాయి. వ్యానులో స్పీకర్ ఉంది, దాంట్లోంచి శంఖం, జేగంట మోగుతున్నాయి. దాసుడికి కబురు పెట్టడం, స్నానానికి నీళ్ళు తోడిపెట్టడం, బియ్యం, గుడ్డ ఇవ్వడం, ఇవన్నీ ఎందుకని కుర్రవాళ్ళు అనుకున్నారు. ముసలివాళ్ళున్న ఇళ్ళలో ఇంకా పిలిచేవారు. ఒకరోజు వాడు బస్సులో వస్తుంటే తరతరాలుగా వాళ్ళనే పిలిచే ఒక రైతు ఇంటి శవయాత్ర ఎదురైంది. ముందు వ్యాను పోతోంది, స్పీకర్లో శంఖం. కేశవ బస్సులోనే లేచి నిలబడి చేతులు జోడించాడట. కండక్టర్ కూర్చోమన్నా కూర్చోలేదట. ఇది వాడు చెప్పలేదు, బస్సులో ఉన్నవాళ్ళు చెప్పారు.

నంజప్ప కూడా పోయాడు. పిల్లలు ఎవరూ ఆ శంఖం పట్టలేదు. ఆయనకు ఊదింది కేశవే. దాంతో మా పక్క మిగిలిన దాసుడు వీడొక్కడే అయ్యాడు. దాని అర్థం ఏమిటో మా ఎవరికీ తట్టలేదు. వాడికి తట్టే ఉంటుంది.

పోయిన ఏడు పిల్లమ్మకు కడుపులో గడ్డ అన్నారు. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను చూడ్డానికి వెళితే పక్కమీద చిన్నపిల్లంత అయిపోయి ఉంది. కొడుకు చెంచాతో గంజి తాగిస్తున్నాడు. వాడు గిన్నె కడగడానికి బయటికి వెళ్ళినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వాడు ఊదేది దూరం నుంచి విన్నానే గానీ దగ్గర నిలబడి ఎప్పుడూ విన్లేదు టీచరమ్మా" అంది. "తోట పని ఇడిసి సావిండ్లకు యాడ పోయినాను. నాకు వాడు ఊదకూడదంట. ఎవురొస్తారో."

ఎవరో ఒకరు వస్తారులే అన్నాను. అబద్ధం చెబుతున్నానని ఆమెకూ తెలుసు.

ఆమె ఒక ఉదయం వెళ్ళిపోయింది. నేను చేరేసరికి స్నానం చేయించి, పసుపు పూసి, పాడె మీద పడుకోబెట్టారు. తలవైపు ఎవరూ లేరు. సుబ్రమణి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చిత్తూరు వైపు, మాలూరు వైపు తెలిసిన దాసుల ఇళ్ళకు కేశవ పొద్దున్నుంచీ ఫోన్లు చేశాడు. ఒకాయన మంచంలో ఉన్నాడు, ఒకాయన మానేశాడు, ఇంకో నంబరు ఎవరూ ఎత్తలేదు. శంఖం లోపల గూట్లోనే ఉంది. మైలలో ఉన్నాడు గనక వాడు ఆ గది గడప కూడా దాటలేదు.

మాదేశ్ మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా ఫోన్లో ఉండేది నువ్వు ఊదిందే. మారప్ప తాత సావులో పట్టుకొన్నాను. అదే అన్ని ఇళ్ళలో పెడతా ఉండాను. అది పెడితే నువ్వే ఊదినట్ల కదన్నా."

అప్పటిదాకా ఆ సంగతి వాడికి తెలియదు. ఇన్నాళ్ళూ తనను పిలవని ఇళ్ళకు తన ఊపిరే వెళ్ళి వస్తోందని వాడు ఆ నిమిషంలో విన్నాడు. మాదేశ్ మీద కోపగించుకోలేదు.

"వద్దప్పా" అన్నాడు. "అది మారప్ప తాతకు ఊదింది."

"ఏదో ఒకటి పెట్టనీరా" అన్నాడు సుబ్రమణి. "మీ అమ్మ మూగదాని మాదిరి పోవాల్నా?"

"ఆయన పేరు చెప్పి ఊదినాను నాయనా. అమ్మ పోయే దారిలో ఇంకొకరి పేరు యట్ల వినిపిచ్చేది?"

నేను ఇక ఉండబట్టలేకపోయాను. వాడి భుజం పట్టుకొని, "నువ్వే ఊదరా కేశవా. మైల లేదు, ఏమీ లేదు. ఎవరు అడ్డం వస్తారో నేను చూస్తాను" అన్నాను. అక్కడున్న పెద్దలు కూడా అవునన్నట్టు తలలు ఊపారు. వాళ్ళకు మాత్రం పిల్లమ్మ మీద ప్రేమ లేదా.

వాడు నా మొహంలోకి చూశాడు. ఏడవలేదు.

"ఈ పొద్దు నా అమ్మ కోసరం నియమం ఇడిస్తే, ఆ పొద్దు కోయంబత్తూరు యాల ఇడిచినట్ల టీచరమ్మా?"

నేను వాడి భుజం వదిలేశాను. పాడె లేచింది. కొడుకుగా కుండ పట్టుకొని వాడు ముందు నడిచాడు. అందరూ గోవిందా అన్నారు, కానీ మనుషుల గొంతులు ఎంతసేపు అంటాయి. వీధి మలుపు దగ్గరే ఆగిపోయాయి. ఆ తర్వాత చెప్పులు లేని కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆడవాళ్ళం మలుపు దగ్గర నిలబడిపోయాం. ఆ ఇంటి శంఖం ఎన్నో ఇళ్ళ వాళ్ళను సాగనంపింది, ఆ ఇంటి ఇల్లాలిని మాత్రం సాగనంపలేదు.

కర్మాంతరం నాడు మళ్ళీ వెళ్ళాను. భోజనాలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. కేశవ గుండు మీద తువ్వాలు కప్పుకొని నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మాట్లాడించాలని తోటలో పని గురించి, ట్యూషన్ పిల్లల గురించి అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు. తర్వాత వాడే మొదలుపెట్టాడు.

"నేను కోయంబత్తూరు పోయింటే, అమ్మ పోయిందని ఫోన్ వస్తే బస్సెక్కి వచ్చుందును కదా టీచరమ్మా. అంతదాకా ఆమె ఐస్ పెట్టెలో కాచుకొని ఉండేది. వచ్చినాక ఇట్లే, శంఖం లేకుండానే పంపుందును."

"అవును" అన్నాను.

"మరి దగ్గరుండి నేను ఆమెకు చేసింది ఏమి?"

గంజి తాగించావు కదరా, కృష్ణగిరిలో ఆమె మంచం పక్క నేల మీద పడుకున్నావు కదరా అని చెప్పి ఉండవచ్చు. వాడు అడిగింది అది కాదు. పొమ్మని బతిమాలిన తల్లిని కాదని, పోయేవాళ్ళందరికీ దగ్గరగా ఉండాలని ఉండిపోయాడు. ఆ పోయేవాళ్ళలో ఆమె ఒక్కతే వాడికి అందలేదు. వాడి చెయ్యి తీసుకొని నా ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల గిన్నెలు తోమేవాళ్ళు ఎవరూ లేరని వాడు లేచి వెళ్ళాడు.